వాల్వులు తోమిన శుక్రవారం

మొన్న మా అబ్బాయి కారు సర్వీసుకిస్తే నేనూ తోడు వెళ్ళాను. ఇంజనులో మసి పట్టిందట, ఏదో యంత్రం తెచ్చి గొట్టం తగిలించి, మేము అద్దాల గదిలో కాఫీ తాగేలోగా కడిగేశారు. నా ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, మా రోజుల్లో మసి తియ్యడమంటే ఇంజను హెడ్డు విప్పి వాకిట్లో పెట్టుకుని, ఇల్లంతా కిరసనాయిలు కంపు భరించడమే.

డెబ్బైల చివర, మా పెళ్ళయిన రెండో ఏడు. మావారు గోదావరి జిల్లాలో వాళ్ళ నాన్నగారి కొబ్బరితోట వదిలేసి విశాఖ వచ్చి, ఒక పాత కారు కొని టాక్సీ తిప్పేవారు. ఎత్తు కనబడితే చాలు, దానికి ఆయాసం వచ్చేది, వెనక నల్లటి పొగ. కొడుకు టాక్సీ నడపడం మామగారికి నామోషీ. ఆదివారం వస్తున్నాననీ, ఆ కారులోనే సింహాచలం తీసుకెళ్ళమనీ, దారిలో ఎవర్నీ దింపకుండా కొండెక్కితే సరే, లేకపోతే దాన్ని అమ్మేసి ఇద్దరూ ఊరొచ్చెయ్యమనీ ఉత్తరం రాశారు. మావారు పౌరుషానికి పోయి ఒప్పేసుకున్నారు, నన్నొక్క మాటైనా అడగలేదు. ఒంటిగది వాటా అయితేనేం, నా పొయ్యి నాదిగా బతుకుతున్నదాన్ని, మళ్ళీ ఉమ్మడి వంటింట్లోకి వెళ్ళడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

వన్ టౌన్ నుంచి ఒక పెద్దాయన, పేరున్న మేస్త్రీ, శుక్రవారం పొద్దున్నే వచ్చి కార్బురేటరు కడిగి, హెడ్డు దింపారు. లోపల మసి అట్టు మాడినట్టు కరుచుకుని ఉంది. ఎనిమిది వాల్వులూ ఊడదీసి, కిరసనాయిల్లో ముంచి, గచ్చు మీద వరసగా పేర్చి, ఆయన జుమ్మా నమాజుకి వెళ్ళారు. మావారు హెడ్డు కింద వేసే గాస్కెట్టు కోసం బజారుకెళ్ళారు. నాకు ఊరికే కూర్చోవడం ఎప్పుడూ చేతకాదు. ఆ నల్లటి వాల్వులు చూసి చేతులు దురదపుట్టి, చింతపండూ బూడిదా పెట్టి పీచుతో ఇత్తడి చెంబుల్లా తళతళా తోమేసి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పళ్ళెంలో సర్ది, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మేస్త్రీ వచ్చి చూసి తల పట్టుకున్నారు.

“ఏటి సేసేసినావమ్మా! ఏ వాల్వు ఏ సీటుదో ఇప్పుడెలా తెలుత్తాది?”

వాల్వు కూర్చునే గుంటే సీటట, ఏ వాల్వుకావాల్వు తన సీటులోనే అరిగి కుదురుకుంటుందట, మారిస్తే గాలి కారి కారు అసలు లాగదట. అంతకుముందు కొండెక్కే ఆశ కొంచెమైనా ఉండేది, అదీ నా చేత్తోనే తుడిచేశాను. ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఏడిస్తే వాల్వులు కుదురుకుంటాయా? దారేమిటని అడిగాను. ప్రతి వాల్వునీ కొత్తగా ఒక సీటులో పెట్టి, గరుకు పేస్టు వేసి, రబ్బరు బుడిపె ఉన్న కర్రతో తిప్పుతూ నూరుకోవాలన్నారు. ఆయన మర్నాడు వేరే పని ఒప్పుకుని ఉన్నారు. బజారు నుంచి వచ్చిన మావారు ఓపిక లేక అదిమేసి నూరుతున్నారు. ఆ కర్ర నేను లాక్కుని, రెండరచేతుల మధ్యా పెట్టి చల్ల చిలికినట్టు తిప్పాను.

“అలాగే అమ్మా, సెయ్యి తేలిగ్గా ఆడనీ,” అన్నారు మేస్త్రీ.

శనివారమంతా అదే పని, వంట కూడా మావారే చేసుకున్నారు. నూరిన వాల్వు మీద కిరసనాయిలు పోస్తే కింద చుక్క దిగకూడదు. ఏడు నిలిచాయి, ఎనిమిదోది మూడుసార్లు దిగింది. అరచేతుల బొబ్బలు చిట్లాయి, గుడ్డ చుట్టుకుని నాలుగోసారి నూరాను. దిగలేదు. సాయంత్రం మేస్త్రీ వచ్చి చూసి, హెడ్డు బిగించేశారు.

ఆదివారం కొండదారి మలుపుల్లో మామగారు దిగడానికి సిద్ధంగా తలుపు పిడి పట్టుకునే కూర్చున్నారు. మావారు సెకండు గేరులో పెట్టారు. నేను వెనక సీట్లో పిడికిళ్ళు బిగించుకుని, దేవుణ్ణి కాదు, ఆ ఎనిమిదోదాన్నే తలుచుకున్నాను. కారు ఎక్కింది. మామగారు పైన దిగి, అంతా స్వామి దయ అని దణ్ణం పెట్టి, ఆ రాత్రి రైలుకి ఒక్కరే ఊరెళ్ళిపోయారు. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజమే.

ఇప్పటి కార్లు బానెట్టు ఎత్తితే నల్లటి మూత, దాని కింద ఏముందో నాకు తెలియదు, మా అబ్బాయికీ తెలియదు. సర్వీసు వాళ్ళు మమ్మల్ని దగ్గరికే రానివ్వరు, చెయ్యి వేస్తే పాడవుతుందట. నిజమే కావచ్చు. కానీ పాడుచెయ్యనిస్తేనే కదా, బాగుచెయ్యగలనని నాకు తెలిసింది.