గూట్లో నీలం చీర

నేను బీఎస్సీ జువాలజీ చదివాను. కప్పను కోసి చూశాను, బొద్దింకను కోసి చూశాను, ఎక్కడా ఆత్మ అనేది కనబడలేదు. మా వీధిలో ఎవరైనా "ఆ ఇంట్లో ఏదో ఉందట" అంటే "ఉంటే బల్లులుంటాయి, ఎలకలుంటాయి, మందు కొట్టించండి" అనేదాన్ని. అందుకని కింద రాసింది చదివి, ఈవిడ కూడా చివరికి ఇలా అయిపోయిందా పాపం అని జాలిపడకండి. దెయ్యాల్ని నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. నాతో వాదించాలనుకుంటే వాదించండి. నాకు ఓపిక ఎక్కువే.

మాది రాయగడ. మా ఆయనకి బజార్లో పప్పుల హోల్‌సేల్ దుకాణం. నిరుడు మా అమ్మాయి శ్రావ్యకి కొరాపుట్ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. అల్లుడి పేరు కిరణ్, బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళి పనులు మేం చూసుకుంటామని మగవాళ్ళన్నారు. సరే, హనీమూన్ సంగతి నాకొదిలేయండి అన్నాను.

నవ్వకండి. నా పెళ్ళయ్యాక మా ఆయన నన్ను తీసుకెళ్ళిన చోటు తెరుబలిలో వాళ్ళ బాబాయి ఇల్లు. ఉన్నన్ని రోజులూ వంటింటి కిటికీలోంచి ఫ్యాక్టరీ గొట్టాలు చూస్తూ వంకాయలు తరిగాను. అందుకే నా కూతురు వెళ్ళేచోట ఒక్క చుట్టం ఉండకూడదని నిర్ణయించుకున్నాను. చుట్టాలేంటి, అసలు మనుషులే ఉండకూడదు.

నెలల తరబడి ఫోన్లో వెతికి మాల్దీవుల్లో ఒక దీవి పట్టాను. దీవి మొత్తానికి ఆ రిసార్టు ఒక్కటే. నీళ్ళ మీద కర్ర ఇళ్ళు. గదిలో నేలకి అద్దం, మంచం మీద కూచుంటే కింద చేపలు తిరుగుతూ కనిపిస్తాయి. నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి, చీకటి పడితే అదీ ఎగరదు. రిసార్టు పిల్లతో మెసేజీల్లో నేను వేసిన ప్రశ్నలకి ఆ పిల్ల ఉద్యోగం మానేసి ఉంటుంది. భోజనంలో పెరుగు ఉంటుందా అన్న దగ్గర్నుంచి అన్నీ అడిగాను. ఒక్కటే అడగలేదు. డాక్టరున్నాడా అని.

"అమ్మా, హనీమూన్ నాదా, నీదా?" అంది శ్రావ్య.

"నీదే. కానీ వెతికింది నేను."

మా ఆయన ఆ ఫొటోలు చూసి, "మరీ మనుషుల్లేని చోటికెందుకే?" అన్నాడు. "మనుషుల్లేరనే" అన్నాను. ఆయన దుకాణానికి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా నాతో వాదన ఆయన ముగించే పద్ధతి అదే.

అక్కడ ఇసకలో బల్ల వేసి రాత్రి భోజనం పెడతారట. దానికోసమని సముద్రం రంగు షిఫాన్ చీర, సన్నటి వెండి అంచుది తెప్పించాను. అసలు గొడవంతా ఈ చీర గురించే.

మా అత్తవారింట్లో ఒక పేరంటాలు ఉంది. ముత్తయిదువుగా పోయిన ఇంటి ఆడమనిషిని మావైపు పేరంటాలంటారు, ఇంట్లో శుభకార్యానికి ముందు ఆవిడకి పసుపు, కుంకుమ, గాజులు, కొత్త చీర పెడతారు. మా పేరంటాలు మా మామగారి మొదటి భార్య. పెళ్ళయిన కొత్తల్లోనే ఏదో జబ్బు చేసి పోయిందని విన్నాను. మా అత్త రెండో భార్య. ఆవిణ్ణి చూడనైనా చూడలేదు, అయినా "అక్క" అనే అంటుంది. దేవుడి గదిలో గోడకి ఎత్తుగా ఒక గూడుంది. అది అక్క చోటు. ఫొటో లేదు, విగ్రహం లేదు. ఒక పసుపు ముద్ద, అంతే.

పెళ్ళికి ముందు చీర పెట్టాల్సింది ఇంటి ముత్తయిదువు, అంటే నేను. మా అత్త కవర్ల గుట్టలోంచి ఒక కవరు తీసి, "ఇదిగో, అక్క సీర, గూట్లో ఎట్టు" అని ఇచ్చింది. అప్పుడు నేను ఫోన్లో రిసార్టు పిల్లతో పెరుగు గురించి మాట్లాడుతున్నాను. కవరు కవరుగానే గూట్లో పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

పెళ్ళి బాగా జరిగింది. పదహారు రోజుల పండగ కూడా అయ్యాక ప్రయాణానికి సర్దుతుంటే నీలం చీర కనబడలేదు. అక్క కోసం కొన్న ఎర్ర పట్టుచీర మాత్రం బీరువాలో ఉంది. అప్పుడు తెలిసింది. శుక్లాలున్న కళ్ళతో మా అత్త కవరు మార్చి ఇచ్చింది.

"అయితే మార్చేస్తాను" అని స్టూలెక్కాను.

"ఓలమ్మో, ఆగే!" అంది అత్త. "ఎట్టిన సీర అక్కది. ఇంటాడది ఓసారి ఇంట్లో కట్టి ఇప్పితే గాని ఆ సీర గడప దాటకూడదు. ఆ పిల్లని ఓ గంట కట్టుకోమను, ఏటి పోయింది?"

"షిఫాన్ అత్తా, కడితే మడతలు పోతాయి. ఆవిడకి అంతకంటే మంచి చీర ఇస్తున్నాంగా. పట్టుచీర పుచ్చుకుని పోట్లాడే ఆడదాన్ని నేనింతవరకూ చూళ్ళేదు."

"నీతో ఎవులు మాటాడగలరే తల్లీ" అని ఆవిడ ముఖం తిప్పుకుంది.

నీలం చీర తీసి ఎర్రది గూట్లో పెట్టాను. ప్రయాణం రోజు పొద్దున శ్రావ్య సూట్‌కేసులో అన్నిటికంటే పైన నీలం చీర పరిచి, ఫొటో తీసి మా చెల్లికి పంపించాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తరవాత మూత వేసి నంబరు తాళం తిప్పాను. ఆ నంబరు నేను పెట్టిందే. పిల్లలకి విమానాశ్రయంలో చెబుదామనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

విశాఖపట్నం దాకా కారులో వెళ్ళి విమానం ఎక్కాలి. మా ఆయన నడుపుతున్నాడు. శ్రావ్య, కిరణ్, నేను, మా అత్త. అత్తని పార్వతీపురంలో వాళ్ళ తమ్ముడింట్లో దింపాలి. అంటే ఇంట్లో ఎవరూ లేరు. ఇది గుర్తుపెట్టుకోండి. తలుపు తాళం వేసింది నేను. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో జిప్పు అరలో వేశాను. వేసేటప్పుడు అదే అరలో ఇద్దరి పాస్‌పోర్టులూ రబ్బరు బ్యాండుతో కలిసి ఉండడం చూశాను. చూడ్డమే కాదు, తాళంచెవితో గీతలు పడతాయేమోనని వాటిని పక్కకి జరిపాను.

బ్యాగు దార్లో నా ఒళ్ళోంచి కదల్లేదు. పార్వతీపురంలో టీకి ఆగినప్పుడు చిల్లర కోసం జిప్పు తీశాను. తాళంచెవి ఉంది. పాస్‌పోర్టులు లేవు.

బ్యాగు కారు బానెట్ మీద బోర్లించాం. సీట్లు ఎత్తాం, మ్యాట్లు దులిపాం. సూట్‌కేసులు దించుదామంటే, "వాటిల్లో ఎందుకుంటాయి, నేను బ్యాగులో చూశాను" అని నేనే వద్దన్నాను. కిరణ్ మంచి పిల్లాడు, ఒక్క మాటనలేదు. "ఇంట్లోనే మర్చిపోయి ఉంటారు అత్తయ్యా" అన్నాడు. మర్చిపోవడమన్నది నా చరిత్రలో లేదని అతనికింకా తెలీదు. శ్రావ్య ఏడుపు మొదలుపెట్టింది. చేసేది లేక కారు వెనక్కి తిప్పాం. మా అత్త తమ్ముడింటికి వెళ్ళనంది. ఆ దారంతా ఆవిడ నా వైపు తిరగకుండా కిటికీలోంచి చూస్తూ కూచుంది. నన్ను ఒక్క మాటన్నా నాకు తేలిగ్గా ఉండేది.

వేసిన తాళం వేసినట్టే ఉంది. పట్టపగలు, ఎండ ఇంట్లోకి పడుతోంది. బల్లలు, బీరువాలు, పరుపుల కిందా వెతికాం. అంతలో శ్రావ్య దేవుడి గదిలోంచి పిలిచింది. అరుపు కాదు. చాలా మామూలుగా, "అమ్మా, ఇటు రా" అంది.

గూట్లో ఎర్ర చీర లేదు. నీలం చీర ఉంది. నీటుగా మడతపెట్టి, వెండి అంచు బయటికి కనబడేలా. స్టూలెక్కి తీశాను. మడతల మధ్య పాస్‌పోర్టులు రెండూ ఉన్నాయి, రబ్బరు బ్యాండుతో సహా.

అప్పుడు కిరణ్ డిక్కీలోంచి సూట్‌కేసు తెచ్చి నా ముందు పెట్టాడు. నంబరు నేనే తిప్పాను. మూత తీస్తే శ్రావ్య బట్టలన్నీ నేను సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. అన్నిటికంటే పైన ఎర్ర పట్టుచీర.

ఎవరి చీర వాళ్ళకి.

మా అత్త ఒక్కర్తే ఆశ్చర్యపోలేదు. కుర్చీలో కూచుని, "ఇప్పుడన్నా కట్టుకోయే అమ్మీ" అంది మనవరాలితో. శ్రావ్య నన్ను చూసింది. నీలం చీర దాని చేతికిచ్చాను. పిల్ల నల్ల జాకెట్టు మీద ఆ షిఫాన్ చీర కట్టుకుని సాయంత్రం దాకా ఇంట్లో తిరిగింది. మడతలు పోయాయి. విమానమూ పోయింది.

రిసార్టువాళ్ళు తేదీ మార్చుకోమన్నారు. ఈలోగా కొరాపుట్‌లో ఉందామని కిరణ్, శ్రావ్య కొండదారిన వెళ్ళిపోయారు. నా కోపం చెప్పనలవి కాదు. ఎవరి మీదో తెలియని కోపం. చచ్చిపోయినావిడ మీద అలగడానికి నా చదువు అడ్డొచ్చింది. నమ్మనిదాని మీద అలిగితే అది నమ్మినట్టవుతుంది. అందుకని మా ఆయన మీద అలిగాను.

వాళ్ళు ఆ దీవిలో ఉండాల్సిన రోజులు ఇంకా అవనేలేదు. ఒక పొద్దున కిరణ్ ఫోన్ చేశాడు. శ్రావ్యకి తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి, వాంతులు. ఆసుపత్రికి తీసుకొచ్చాం, ఆపరేషన్ అంటున్నారు, మీరు బయల్దేరండి అన్నాడు.

మా అత్త కూడా కారెక్కి కూచుంది. ఆ ఘాట్ రోడ్డు మలుపులు మామూలుగా ఆవిడకి పడవు. ఆ రోజు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూనే ఉంది. నేనూ గొణిగాను. ఏమని గొణిగానో చెప్పను.

మేం వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయింది. డాక్టరు ఒరియా ఆయన, బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ, "భొలొ హెలా, ఠిక్ సమయొరే ఆణిలె" అన్నాడు. మంచిదైంది, సమయానికి తీసుకొచ్చారని. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందట. ఇంకొంచెం ఆలస్యమైతే విషం కడుపంతా పాకి ఉండేదన్నాడు.

నాకు చేపలు కనబడే ఆ అద్దం నేల గుర్తొచ్చింది. చుట్టూ సముద్రం, చీకట్లో ఎగరని విమానం, ఒక్క చుట్టమూ లేని చోటు. నేను ఏరి కోరి వెతికిన చోటు. ఆసుపత్రి బల్ల మీద కూలబడ్డాను.

మా అత్త నా పక్కకొచ్చి కూచుంది. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అంతకు ముందెప్పుడూ అలా చెయ్యలేదు.

"అక్కకీ ఇదే నొప్పి" అంది.

"ఏ అక్కకి?"

"ఏ అక్కేటే! మన అక్కకే. అప్పట్లో ఈలు కొల్నార దగ్గిర పల్లెలో ఉండేవోరు. పొద్దున కడుపునొప్పని మొదలైందంట. వాము నీళ్ళిచ్చేరు, కాపడం ఎట్టేరు. తగ్గకపోతే బండి కట్టి పార్వతీపురం ఆసుపత్రికని బయల్దేరేరు. దార్లోనే పోయింది. పెళ్ళయి నెల కూడా అవ్వలేదు."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగేవేటి?"

నిజమే. అన్నేళ్ళూ పండగ పండక్కీ చీర పెట్టాను గానీ, ఆవిడ ఎలా పోయిందని నేనెప్పుడూ అడగలేదు.

శ్రావ్యకి మెలకువ వచ్చాక నన్ను చూసి చెప్పిన మొదటి మాట, "అమ్మా, నన్ను తిట్టకు." నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుండెల మీంచి ఎవరో బియ్యం బస్తా దించినట్టయింది. అంత సుఖంగా ఊపిరి పీల్చుకున్నది నాకు గుర్తులేదు.

ఆ తరవాత ఈ సంగతి అన్ని వైపుల నుంచీ వాదించి చూశాను. అవతలివైపు కూడా నేనే. మా అత్త చేసిందందామా, ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి లేవదు, స్టూలెక్కలేదు, పైగా కారులో నా పక్కనే ఉంది. దొంగ వచ్చాడందామా, తాళం పగలగొట్టకుండా వచ్చి, ఒక్క వస్తువు ముట్టకుండా చీర మడతపెట్టి పోయే దొంగ ఎక్కడైనా ఉంటే వాణ్ణి ఇంట్లో పనికి పెట్టుకుంటాను. నేనే మతిమరుపులో మార్చేశానందామా, ఫోన్లో ఫొటో ఉంది, మూత వేసే ముందు తీసింది. అందులో నీలం చీరే ఉంది. నేను అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను, ఎర్రగా మారిందేమోనని. మారలేదు.

అపెండిక్స్ కాకతాళీయం. అది ఒప్పుకుంటాను. చీర ఎలా మారింది? దానికి నా దగ్గర సమాధానం లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వింటాను. ఒప్పుకుంటానని మాత్రం చెప్పను.

ఈ మధ్యనే పిల్లలిద్దరూ మళ్ళీ బయల్దేరారు, ఆ దీవికే. ఈసారి రిసార్టు పిల్లని పెరుగు గురించి అడగలేదు. డాక్టరెక్కడ, రాత్రిపూట పడవ ఉందా, ఆసుపత్రి ఉన్న దీవి ఎంత దూరం అని అడిగాను. అన్నీ ఉన్నాయని తేలాకే ఒప్పుకున్నాను.

ప్రయాణానికి ముందు సాయంత్రం దేవుడి గదిలో ఎవరూ లేకుండా చూసి స్టూలెక్కాను. ఈసారి అక్క కోసమే కొన్న నీలం చీర గూట్లో పెట్టాను. దాని మీద పాస్‌పోర్టులు రెండూ నేనే పెట్టాను. దణ్ణం పెట్టలేదు. "చూసి చెప్పు" అన్నాను, అంతే.

పొద్దున్నే వెళ్ళి చూశాను. పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి. చీరా అక్కడే ఉంది. ఏమీ కదల్లేదు.

స్టూలు మీదే నిలబడి, గోడకి తలానించి, కాసేపు అలా ఉండిపోయాను. వెనక నుంచి మా అత్త, "ఏటంది?" అని అడిగింది.

"వెళ్ళి రమ్మంది" అన్నాను.