ఆధారం అడిగే ఎవారిస్టో

బానీ ఊళ్లో రిటైరైన సైన్సు మేష్టారు ఎవారిస్టో పొద్దున్నే వరండాలో ఊగుడుకుర్చీ ఎక్కుతాడు. కళ్లజోడు నుదుటికి నెట్టి, ఫోను ముక్కుకు ఆనించి, ఒంటివేలితో కొడతాడు: "ఆధారం ఏది?" పేట వాట్సాప్ గ్రూపులో ఎవరు షుగరుకు దాల్చినచెక్క మంచిదన్నా, కీళ్లకు పాము నూనె రాయమన్నా ఆయన జవాబు అదే. "ఆకలేస్తోందన్నా ఈయనకు రుజువు చూపాలమ్మా!" అని కూరలమ్మే ఫిలోమెనా నవ్వేది. అడిగేది న్యాయమే, అడిగే తీరే ఎండుమిరపకాయ. చెల్లెలు ఒనెలియా గడ్డలు కరగడానికి లక్ష్మణఫలం ఆకు కషాయం గొప్పదని రాస్తే, అందరి ముందూ ఆమెనూ అలాగే నిలదీశాడు. ఆమె గ్రూపులోంచి తప్పుకుంది. ఆదివారాలు వచ్చి అన్నం, చిక్కుళ్లు వండిపెట్టేది గానీ ఒంట్లో సంగతి ఎత్తేది కాదు. రొమ్ములో గడ్డని డాక్టరు చూసేసరికే చెయ్యి దాటిపోయింది.

ఆమె పోయాక చేసిన తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసి జనం వెళ్లిపోయాక, మేనకోడలు యుదెల్కా కాఫీ కప్పులు ఏరుతూ చెప్పింది.

"అమ్మ ఏడాదిగా ఆ కషాయమే తాగింది, మామయ్యా."

"నాతో ఒక్క మాట అనకూడదటే? చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లేవాణ్ణి కదే!"

"చెబుదామన్నాను. 'వద్దే, మళ్లీ నన్ను తెలివితక్కువదాన్ని చేస్తాడు' అంది."

ఎవారిస్టో నుదుటి మీది కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"నొప్పితో బాగా బాధపడిందా?" అని అప్పుడడిగాడు.