అబద్ధాల కుక్క

మా మావయ్య ఒరెస్తె నలభై ఏళ్ళ పాటు కుక్కలకు వేట నేర్పాడు. మా కొండ మీదున్న వేటకుక్కల్లో సగం ఆయన చేతి కింద పెరిగినవే. అమ్మ జబ్బు పడినప్పుడు ఐదో తరగతి మధ్యలో బడి మానేసి, ఆమెతో పాటు నేనూ ఆ ఇంటికి వచ్చాను. అమ్మ పోయాక అక్కడే ఉండిపోయాను. కుక్కల గూళ్ళు కడగటం, వాటికి మొక్కజొన్న గంజి కాచటం నా పని. బ్రీనా సంగతి మొదటి నుంచీ దగ్గరుండి చూశాను. అయినా ఆ శరత్కాలమంతా ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

బ్రీనా ఏడాది నిండిన ఆడకుక్క. తెల్లటి ఒంటి మీద నారింజ రంగు చుక్కలు. మావయ్య దాన్ని ఎవరి కోసమో కాదు, తన కోసమే పెంచుకుంటున్నాడు. వేసవిలో కోత అయిపోయిన పొలాల్లో కౌజుపిట్టల మీద నేర్పాడు. మెడకు పొడవాటి తాడు కట్టి వదిలేవాడు. పిట్ట వాసన తగలగానే బ్రీనా ఒక ముందుకాలు ఎత్తి, తోక చాచి, కొయ్యబారి నిలబడేది. మావయ్య వెనక నుంచి మెల్లగా వచ్చి దాని పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, "అలాగే తల్లీ, అలాగే" అనేవాడు. పిట్ట ఎగిరిపోయినా అది కదిలేది కాదు. ఆ సాయంత్రాలు మావయ్య అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే మాట్లాడేవాడు.

చెప్పులు కొరికినా, కోళ్ళ వెంట పడినా ఆయన కుక్కను క్షమించేవాడు. పిట్ట లేని చోట నిలబడితే మాత్రం క్షమించేవాడు కాదు. "అది అబద్ధం చెప్పటం. నేర్చుకున్న అబద్ధం ఇక వదలదు" అనేవాడు. అలాంటి కుక్కలు అంతకు ముందు రెండు వచ్చాయి. రెండూ ఫూల్వియో అనే ఆయన రంపపు మిల్లుకు కాపలాకు పోయాయి. అందులో ఒకదాన్ని నేను చూశాను. గొలుసు పొడవున అది తిరిగి తిరిగి మట్టిలో గుండ్రంగా గాడి పడిపోయింది.

అక్టోబరులో చెస్ట్‌నట్ అడవిలోకి రాణి దిగింది. రాలిన ఆకుల రంగులో, పొడవాటి ముక్కుతో ఉండే పక్షి. మా వేటగాళ్ళు దాన్ని పేరుతో పిలవరు, రాణి అనే అంటారు. అది దాక్కునే పొదల్లో కుక్క కంటికి కనపడదు. అందుకే మెడలో అక్రోటుకాయంత ఇత్తడి గంట కడతారు. కుక్క పరిగెత్తినంతసేపూ గంట మోగుతుంది. కుక్క పిట్ట వాసన పట్టి నిలబడితే గంట ఆగుతుంది. వేటగాడు ఆ నిశ్శబ్దం కోసం చెవులు రిక్కించి, ఆగిన వైపుకు నడుస్తాడు.

మొదటి రోజు మావయ్య బూట్లు కూడా విప్పకుండా పొయ్యి దగ్గర కూలబడ్డాడు.

"ఏవైంది?" అంది అర్జీయా అత్తయ్య.

"నిలబడింది. వెళ్ళి చూస్తే అక్కడ పిట్టా లేదు, కుక్కా లేదు."

"కుక్క లేకపోవటవేంటి?"

"ఏమో! నేను చేరేలోపు జారుకుంటోంది. ఒకసారి కాదు, పదిసార్లు."

"పిల్లది కదా. అడవంటే బెదురేమో."

"అదా? దానికి బెదురా?"

మర్నాడు తాడు కట్టి పొలంలోకి తీసుకెళ్ళాడు. ఒక్క తప్పు చేయలేదు. ఆ మర్నాడు అడవిలో మళ్ళీ అదే కథ. గాలి వల్లేమో అనుకుని దారి మార్చాడు. నేను జున్ను మీది గట్టి పెచ్చులు పెడుతున్నందుకు ముక్కు మొద్దుబారిందేమో అని నన్ను కోప్పడ్డాడు. నేను మానేశాను. ముద్దు చేసి చెడగొడుతున్నానన్నాడు. అదీ మానేశాను, చాలా కష్టంగా. ఏం చేసినా లాభం లేదు. బ్రీనా అడవి నుంచి వచ్చి ఆయన ముఖంలోకి చూసేది. అది దొంగచూపు కాదు. ఏదో అడగాలని, ఎలా అడగాలో తెలియనట్టు చూసేది.

అత్తయ్య వంటింట్లోంచి రెండుసార్లు భోజనానికి పిలిచినా ఆయన తల తిప్పేవాడు కాదు. "నా మాట ఈయనకు పెళ్ళైన ఏడే వినపడటం మానేసింది" అనేది ఆవిడ. నేను నవ్వేదాన్ని. కుక్క దిగులు ఆయన్ని అంతగా తినేస్తోంది అనుకునేదాన్ని.

ఫూల్వియోకు కబురు అందింది. తన మూడు చక్రాల బండిలో వచ్చి వాకిట్లోనే అరిచాడు.

"ఏవయ్యా ఒరెస్తే, ఇంట్లో ఇంకో అబద్ధాలకోరు పుట్టిందట? నా ముసలి కుక్క పోయింది. గొలుసు ఖాళీగా ఉంది."

"నవంబరులో మార్టిన్ పండగ దాకా చూస్తా. మారకపోతే తీసుకుపో" అన్నాడు మావయ్య.

నేను గంజి కుండ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

పండగ రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. ఫూల్వియో గొలుసుతో సహా వచ్చాడు. మావయ్య చివరిసారి అడవిలోకి తీసుకెళ్తానన్నాడు. "ఇల్వాను కూడా తీసుకుపో. కుక్కకు దాని మాటంటే గురి" అంది అత్తయ్య నన్ను చూపించి. అలా నేను సంచీ తగిలించుకుని ఆయన వెనక నడిచాను. ఫూల్వియో కింద దారి దగ్గరే ఆగాడు.

బ్రీనా పొదల్లో మాయమైంది. గంట మా కుడివైపు నుంచి గలగలమంటూ పైకి పోతోంది. అప్పుడే మావయ్య చెయ్యెత్తాడు.

"ఆగు. నిలబడింది."

గంట మోగుతూనే ఉంది. నాకు ఏమీ తోచలేదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి చెప్తుంటే నాదే పొరపాటు అనుకున్నాను. నిలబడటంలో నాకు తెలియని ఇంకో రకం ఉందేమో అనుకున్నాను. ఆయన ఒంగి ఒంగి పొదలు దాటుకుంటూ వెళ్ళాడు. అక్కడ తడి ఆకులు తప్ప ఏమీ లేవు.

"చూశావా? ఇదీ దీని వరస."

"మావయ్యా..."

"ఏంటి?"

"ఏం లేదు."

ఇంకాస్త పైన మళ్ళీ అలాగే జరిగింది. ఈసారి నేను గంటను వదిలి ఆయన్నే చూశాను. కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి, మనసంతా పెట్టి వింటున్నాడు. మా ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో గంట గలగలలాడుతుంటే, "ఆగింది" అన్నాడు.

తర్వాత అది నిజంగానే ఆగింది. అడవిలో ఆకుల మీంచి నీటి చుక్కలు రాలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మావయ్య కిందికి తిరిగాడు.

"పద. ఇక చాలు. పాపం ఫూల్వియో చలికి బిగుసుకుపోయుంటాడు."

కిందికి దిగితే గొలుసు. నేను ఎన్నడూ ఆయన్ని తాకినదాన్ని కాదు. చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను.

"అటు, మావయ్యా. గంట ఆగింది."

"ఎప్పుడో ఆగింది పిల్లా."

"కాదు. ఇప్పుడు ఆగింది."

ఆయన నా ముఖంలో చాలాసేపు ఏదో వెతికాడు. కోపమో, భయమో తెలియలేదు. చివరికి నా వెంట వచ్చాడు.

ఒక పడిపోయిన మాను పక్కన బ్రీనా నిలబడి ఉంది. ముందుకాలు గాల్లో ఉంది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. మావయ్య రెండడుగులు వేశాడో లేదో, దాని ముక్కు ముందు నుంచి రాణి రెక్కలు టపటపలాడిస్తూ లేచి చెట్ల మధ్యకు పోయింది. ఆయన తుపాకీ ఎత్తలేదు. బ్రీనా వెంటపడలేదు. వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, తడి వదిలించుకోవటానికి ఒళ్ళంతా విదిలించింది. గంట గణగణమంది. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకోవటం ఆయన కన్నార్పకుండా చూశాడు. పక్కనున్న మనిషి మాట అందే ఆయన చెవికి ఆ సన్నటి మోత ఉండుండి అందకుండా పోతోందని నాకప్పుడు తట్టింది.

ఇంతలో ఫూల్వియో రొప్పుతూ పైకి వచ్చాడు.

"ఎంతసేపయ్యా! తుపాకీ కూడా పేలలేదు. తేలిందా లేదా?"

"గంట పాడైంది" అన్నాడు మావయ్య.

ఫూల్వియో ఒంగి గోటితో కొట్టాడు. "ఏం పాడైంది? చర్చి గంటలా మోగుతుంటే!"

మావయ్య నా వైపు తిరిగాడు. మోగుతోందన్నట్టు నేను తలాడించాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు.

"ఇంతకీ కుక్కను ఇస్తున్నావా?"

"ఇవ్వను."

"అబద్ధాలాడుతోందన్నావ్."

"అన్నాను."

"మరి?"

"నాకే సరిగ్గా తెలీట్లేదు ఫూల్వియో. నువ్వెళ్ళు."

"పండగ పూట కొండెక్కించి ఆడుకుంటున్నావా? నీకే కట్టాలయ్యా ఈ గొలుసు!" తిట్టుకుంటూనే ఆయన దిగిపోయాడు.

మావయ్య బ్రీనా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని తడి తలను పొట్టకు అదుముకున్నాడు. ఇన్ని రోజులుగా అది పొదల్లో అలా నిలబడి, ఎంతసేపటికీ రాని మనిషి కోసం ఎన్నిసార్లు ఎదురు చూసిందో. కాసేపటికి ఆయన దాన్ని వదిలాడు. అది పైకి పరిగెత్తింది.

"మోగుతోందా?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"మోగుతోంది మావయ్యా."

"ఏ వైపు?"

నేను చెయ్యి చాపి చూపించాను. ఆయన అటు చూసి, పక్కకు జరిగి నాకు దారిచ్చాడు. ఆయన ముందు ఎప్పుడూ నడవలేదు నేను. ఎంత వేగంగా నడవాలో కూడా తెలియక ఒక్కో అడుగే వేస్తున్నాను. గంట పొదల్లో ఎడమకు తిరిగింది, నేనూ ఎడమకు తిరిగాను. వెనక ఆయన బూట్లు తడి ఆకుల మీద నా వెంటే వస్తున్నాయి.