దుప్పటి కింద ఎర్ర చుక్కలు

మా ఇంట్లో బట్టలు ఉతికే ఆవిడే పక్క వీధిలోని నర్సుల హాస్టల్ చీరలూ ఉతికేది. అన్నీ తెల్లవే. ఎవరి చీర ఎవరిదో తెలియడానికి మూల మీద నల్లజీడి రసంతో గుర్తు పెట్టేది. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి మూడు, ఇంకొకరికి చుక్క పక్కన గీత. చీర చిరిగేదాకా ఆ మచ్చ పోదు. ఒకసారి ఆ రసం పడక ఒక నర్సుకు నడుం చుట్టూ దద్దుర్లు లేచాయి. ఇక నల్ల గుర్తులు పెట్టొద్దని మేట్రన్ ఆర్డరేసింది. గుర్తులు పోయేసరికి చీరలు కలిసిపోయాయి. ఇంకొక్కసారి తన చీర మారితే మేట్రన్ ఉతుకుడంతా మద్దిలపాలెంలో కొత్తగా పెట్టిన లాండ్రీకి ఇచ్చేస్తానని కూడా తేల్చి చెప్పింది.

బట్టలావిడ ఈ గోడు అంతా మా మెట్ల మీద కూర్చుని మా ఆవిడకు చెప్పుకుంది.

"రంగు దారంతో కుట్టేయకూడదూ?" అంది మా ఆవిడ.

"సోడా బానలో ఉడికితే రంగు దిగిపోతాదమ్మా. పక్క సీర కూడా పాడైపోతాది. ఆ హాస్టలు పోతే నానేటి తినాల? మీ బాబుగోరి రెండు పంచెలుతికి బతికీమంటావా?"

లోపల ఉప్మా తింటున్న మా బావమరిది చెయ్యి కడుక్కోకుండానే బయటికొచ్చాడు. అతను మా ఇంట్లో ఉండి యూనివర్సిటీలో రసాయనశాస్త్రం పరిశోధన చేస్తుండేవాడు. విరళ మృత్తికలని కొన్ని లోహాలున్నాయి, వాటి మీద. పేరుకు అరుదైనవే గానీ మన భీమిలి వైపు ఇసకలో కూడా ఉంటాయట. ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్న కలర్ టీవీల్లో ఎరుపు కూడా వాటి చలవే అనేవాడు. ఒకసారి నాకు చిటికెడు తెల్ల పొడి చూపించి, దాని మీద అతినీలలోహిత కిరణాలిచ్చే నల్ల గాజు దీపం వేశాడు. పొడి దానిమ్మ గింజలా ఎర్రగా వెలిగింది. అందులో ఉన్నది ఆ లోహాల్లో ఒకటైన యూరోపియం.

"దానంతట అది వెలుతురు తినలేదు బావా. చుట్టూ చేరిన పదార్థం ముద్దలు కలిపి దాని నోట్లో పెట్టాలి. అప్పుడు వెలుగుతుంది" అని వివరించాడు. నాలా పత్రికలో పనిచేసేవాడికి అంత విడమరిస్తే చాలు.

ఇప్పుడు ఆ పొడితోనే చీరలకు గుర్తు పెడతానన్నాడు.

"కంటికి కనపడదు. దీపం వేస్తేనే కనపడుతుంది."

"కనపడని గుర్తేటి బాబూ? మా మావ ఇంటే ఊరంతా సెప్పి నవ్వుతాడు" అందావిడ. అయినా ఒక పాత చీర తెచ్చి ఇచ్చింది.

అతను గుర్తు పెట్టి, ల్యాబులో చన్నీళ్లతో, సబ్బుతో ఉతికి చూశాడు. చెక్కు చెదరలేదు. అప్పుడు చీర రేవుకెళ్లింది. తిరిగొచ్చాక దీపం వేస్తే, తెల్లదనం కోసం పెట్టే పొడి వల్ల చీరంతా నీలంగా పున్నమి వెన్నెల కాసింది గానీ ఎర్ర చుక్క జాడ లేదు.

"ఎలా ఉతికావు?" అని అతను అప్పుడడిగాడు.

"ఎలాగుతుకుతారు? సోడా ఏసి బానలో ఉడకేసినాను. మీ కాలేజీలో ఉడకెయ్యరేటి?"

సోడా వచ్చి, ముద్దలు కలిపే వాళ్లనందరినీ తరిమేసిందన్నమాట. మావాడు రెండు రోజులు ల్యాబులోనే కూర్చున్నాడు. తర్వాత బోర్డులు రాసే కొట్లోంచి విరిగిన ప్లాస్టిక్ అద్దం ముక్క తెచ్చి, ద్రావకంలో కరిగించి, అందులో తన పొడి కలిపాడు. ఆ చుక్క ఆరితే గంజి చుక్కలా గట్టిపడుతుంది. లోపలున్న యూరోపియం జోలికి సోడా పోలేదు. బానలోంచి వచ్చిన చీర మీద రెండు చుక్కలూ నిప్పు కణికల్లా వెలిగాయి. ఇస్త్రీకి మాత్రం ఒక చుక్క కరిగి పెట్టెకు అంటుకుంది. ఆవిడ మావాడిని నాలుగు దులిపి, ఆ మూల వదిలేసి ఇస్త్రీ చేయడం నేర్చుకుంది.

హాస్టల్ చీరలన్నిటికీ గుర్తులు పడ్డాయి. వారం తిరక్కుండానే మేట్రన్ నుంచి కబురు. దీపం పట్టుకుని ముగ్గురం వెళ్లాం. వరండాలో ఎండ ఫెళ్లున కాస్తోంది.

"చూడండి, ఈ కట్టుకున్న చీర నాది కాదు. కుచ్చిళ్లే రావట్లేదు. మళ్లీ మార్చేసింది" అంది మేట్రన్.

"నాను మార్సనేదు మేట్రనమ్మగోరూ, దీపమేసి సూడండి!"

ఆ వెలుతురులో దీపం వేస్తే మాత్రం ఏం కనపడుతుంది? చివరికి హాస్టల్ దుప్పటి ఒకటి తెప్పించి ఇద్దరినీ కిందికి పంపాం. అంచులు నేనూ మా బావమరిదీ పట్టుకున్నాం. లోపల్నుంచి మాటలొక్కటే వినపడుతున్నాయి.

"కాలు తొక్కకు!"

"తొక్కనేదమ్మా, అది దీపం తీగ."

"అమ్మో, ఎంత ఎర్రగా ఉందే! ఒకటి, రెండు, మూడు..."

"మీది రెండు సుక్కలమ్మగోరూ. మూడంటే ఆ పొట్టి సిస్టరమ్మది. మూటలు ఏరేరుగా కట్టి నానే బల్ల మీదెట్టినాను."

మేట్రన్ దుప్పటి కిందనుంచే పొట్టి సిస్టర్‌ను పిలిచింది. ఆమె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటూ వచ్చింది. ఆమె దుప్పటి కిందికి దూరిన మరుక్షణం "రెండు!" అని కేక.

"డ్యూటీకి లేటైపోయింది మేడం. బల్ల మీద ఏ మూట చేతికందితే అది పట్టుకుపోయాను. నా మూటే మీకు మిగిలినట్టుంది."

మేట్రన్ చెదిరిన జుట్టుతో బయటికొచ్చింది. మావైపు చూడకుండా టీ తెమ్మని లోపలికి కేకేసింది. లాండ్రీ మాట మళ్లీ ఎత్తలేదు.

బట్టలావిడ టీ తాగి, దుప్పటిని వెలుతురులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మా సెడ్డగా మాసిపోయిందమ్మగోరూ. మూటలో ఏసీమంటారా?" అని, మా బావమరిది వైపు తిరిగింది. "బాబూ, దీనిక్కూడా ఓ సుక్కెట్టీ."