రంగు మారని పేజీ

ఆ అమ్మాయి అబద్ధం చెబుతోందని నేను నిజంగానే నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా కూడా ఉంది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక.

కొత్తగూడెంలో రెండు గదుల ఆఫీసు మాది. వెబ్‌సైట్లు తయారుచేస్తాం. ఓనరు పై అంతస్తులో ఉంటాడు, కింద పెత్తనమంతా నాది. మణుగూరు అవతల అడవి పల్లె నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయిని, మూడు నెలలు చూసి ఉంచుకుందామని తీసుకున్నాం. ఉంచాలో వద్దో చెప్పాల్సింది నేను. ఆమె మొదటి బస్సుకు దిగి, అందరికంటే ముందు ఆఫీసు తెరిచి మెయిన్ స్విచ్ వేసేది. సాయంత్రం వెళ్లేటప్పుడు మెయిన్ ఆపేసి పోవడం మా అలవాటు. ఒక వానాకాలం పిడుగు పడి రెండు మిషన్లు మాడిపోయాక నేను పెట్టిన నియమం అది.

అప్పుడు ఇప్పపువ్వు, తేనె అమ్ముకునే ఆడవాళ్ల సంఘానికి సైటు చేస్తున్నాం. పేజీ రంగులు చెప్పే స్టైల్‌షీట్‌ను చేత్తో రాసే పనిలేదు. సెట్టింగ్స్‌లో రంగు మార్చి సేవ్ చేస్తే, నేను రాసిన ప్రోగ్రాం దాన్ని కొత్తగా తయారుచేస్తుంది. అస్తమానం తయారుచేయకుండా ఒక షరతు పెట్టాను. సెట్టింగ్స్ ఫైలు సేవ్ చేసిన తారీకు, స్టైల్‌షీట్ తయారైన తారీకు కంటే కొత్తదైతేనే మళ్లీ రాయాలి. ఆ షరతు చూసుకుని కాస్త మురిసిపోయాను కూడా.

సంఘం వాళ్లు ఆకుపచ్చ వద్దు, పసుపు కావాలన్నారు. ఆఫీసు సర్వర్ మీద ఆ పని అమ్మాయికిచ్చాను. మర్నాడు చూస్తే పేజీ ఆకుపచ్చగానే ఉంది.

"మార్చిన మేడం. సేవ్ గూడ చేసిన," అంది.

"చేస్తే ఏదీ?"

"మల్ల చేస్త."

మూడు రోజులు ఇదే తంతు. అదే ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లో పెట్టి రంగు మార్చాను. వెంటనే మారింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. అదే రంగు ఆమెతో ఇరవైసార్లు సేవ్ చేయించి, ఒక్కోసారికీ పైకి లెక్క చెప్పమన్నాను. చెప్పింది. మిగతావాళ్లు నవ్వుతుంటే నేను ఆపలేదు. నాకు బాగుంది.

ఇరవై అయ్యాక మెల్లగా, "మేడం, సర్వర్ల తారీకు పాతది చూపిస్తాంది. పొద్దుగాల ఆన్ జేస్తే ఏందో అడిగి ఆగుతది, ఎఫ్‌వన్ కొడితేనే పోతది," అంది.

"తారీకుతో నీకేం పని? ముహూర్తం పెడతావా?" అన్నాను. అడవిలోంచి వచ్చి నాకు సర్వర్ గురించి చెప్పడమేమిటన్నది నా మనసులో మాట. పైకి అనలేదు గానీ ఆమెకు వినబడే ఉంటుంది.

శనివారం ఓనరు, "ఆ పిల్ల సంగతేంది?" అని అడిగాడు.

"అబద్ధాలు చెబుతోంది సార్. మనకు పనికిరాదు," అన్నాను. సాయంత్రానికి మాన్పించేశాడు.

సోమవారం ఆఫీసు నేనే తెరవాల్సి వచ్చింది. సర్వర్ ఆన్ చేస్తే, తారీకు తప్పుగా ఉంది, ఎఫ్‌వన్ నొక్కమని మెసేజ్ ఇచ్చి ఆగిపోయింది. కింద ఎన్నో ఏళ్ల కిందటి తారీకు. కూర్చోకుండానే మొత్తం అర్థమైంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత సెల్లు అందులో లేదు. నెల కిందట దుమ్ము దులుపుతూ నేనే పీకి, ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌లో వేసుకున్నాను. కొత్తది తేవడం మరిచిపోయాను. ఆ సర్వర్‌కు నెట్ లేదు కాబట్టి తారీకు దానంతటది సరికాలేదు. మెయిన్ ఆపిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోయింది. ఆమె సేవ్ చేసిన ప్రతి ఫైలుకూ పాత తారీకే పడింది, సెల్లు పీకకముందు తయారైన స్టైల్‌షీట్ కంటే పాతదే కదా అని నా షరతు దాన్ని వదిలేసింది.

తారీకు సరిచేసి సెట్టింగ్స్ తెరిచాను. ఆమె పెట్టిన పసుపు పెట్టినట్టే ఉంది. సేవ్ నొక్కగానే పేజీ పసుపైంది.

ఓనరు దిగివచ్చి చూసి, "శాన మంచిగుంది. తప్పు ఏడుండె?" అన్నాడు.

"ఆ అమ్మాయి గందరగోళం చేసిపెట్టింది సార్. నేను సరిచేశాను." నా నోరు తడబడలేదు. నిజం చెబితే నా ఉద్యోగానికేం ఢోకా లేదు. పరువు పోతుందనుకున్నాను, అంతే.

బుధవారం ఆమె సర్టిఫికెట్ల కోసం వచ్చింది. కవరు చేతికిచ్చాను. తీసుకుని అక్కడే నిలబడింది. తెర మీది పసుపు పేజీని చాలాసేపు చూసింది.

"జూలూరుపాడుల ఒక కంప్యూటర్ సెంటర్ల పనుందంట మేడం. ఆడ గిట్ల కాకుండ చూసుకుంట. నేను చేసిన తప్పేందో చెప్పుండ్రి."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

"సేవ్ చేశాక నిజంగా అయిందో లేదో చూసుకోవాలి," అన్నాను.

ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. నిలబడే ఆ మాట రాసుకుని, దాని కింద గీత గీసింది.