నేదా వదిన పెరట్లోంచి దారి

నా పేరు మించో. మా ఊరు వ్రబెవో ఫుట్‌బాల్ క్లబ్బులో టికెట్లు అమ్మేది నేనే, తాళాలు తిప్పేది నేనే, బయటి ఊళ్ల వాళ్లకి మైదానానికి ఎలా రావాలో కాగితం రాసి పంపేదీ నేనే. ముప్ఫయ్యేళ్ల పాటు ఆ కాగితంలో ఒక్క అక్షరం మార్చే పని పడలేదు. బస్సు దిగి వంతెన దాటండి, తోళ్ల ఫ్యాక్టరీ గోడ పక్కనే నడవండి, ద్రాక్షపందిరి ఉన్న ఇంటి తలుపు తట్టండి. ఆ ఇల్లు నేదా వదినది. మైదానానికి ఒకవైపు ఏరు, ఇంకోవైపు ఫ్యాక్టరీ. అవతలి జట్టు అభిమానులు తమ స్టాండుకి చేరాలంటే ఆవిడ పెరట్లోంచి పోవాల్సిందే.

నేదా వదినది కరుకు నోరు. మ్యాచ్ ఉన్న ఆదివారం పొద్దున్నే పెరడు ఊడ్చి, మిరపకాయల దండలు లోపల పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది.

"మీ తిట్లన్నీ ఆ గేటు దాటాక తిట్టుకోండి. నా పందిరి కింద మాత్రం నోరు లేస్తే ఊరుకోను" అనేది.

ఒంటినిండా పచ్చబొట్లున్న వస్తాదులు కూడా కిక్కురుమనకుండా నడిచిపోయేవాళ్లు. ఒకసారి ఒకడు ఉల్లిమడి తొక్కితే, చెవి పట్టుకుని వెనక్కి లాగి వాడిచేతే మళ్లీ నాటించింది. సగం ఆట అయ్యేదాకా వాణ్ణి వదల్లేదు.

ఆవిడ పుట్టిల్లు ఏటికి ఎగువనున్న గ్లోగ్. మాకూ గ్లోగ్‌కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆవిడ అన్న రాంగెల్ ఒకప్పుడు గ్లోగ్ జట్టుకి గోల్స్ కొట్టేవాడు. మా డిఫెండర్ దిమో ఒక మ్యాచ్‌లో అతని కాలు విరగ్గొట్టాడు. కావాలని కాదని దిమో బతికినంతకాలం చెప్పాడు. నేను దగ్గరుండి చూశాను, సగం కావాలనే. క్షమించమని అడగడానికి గ్లోగ్ వెళ్లిన దిమోకి తలుపు తీసింది నేదా. ఏడాది తిరక్కుండా ఇద్దరికీ పెళ్లయింది. ఆ రోజునుంచి రాంగెల్ చెల్లెలితో మాట్లాడలేదు. దిమో పోయినప్పుడు కూడా రాలేదు.

కానీ ఏడాదికోసారి గ్లోగ్ జట్టు మా ఊరొచ్చినప్పుడు రాంగెల్ ఆట చూడ్డానికి ఆ పెరట్లోంచే పోయేవాడు. వేరే దారి లేదు మరి. తల ఎత్తకుండా, కుంటుకుంటూ పోతుంటే ఆవిడ గేటు దాకా చూస్తూ ఉండేది.

"చిక్కిపోయాడు మించో" అనేది సాయంత్రం నాతో. "దగ్గుతున్నాడు కూడా. మెడకి మఫ్లరైనా చుట్టుకుని చావొచ్చుగా, మొండి వెధవ!"

అన్న గురించి ఏడాది మొత్తానికీ ఆవిడకి దొరికే కబురు అంతే.

నిరుడు ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్లు వచ్చి, బయటి జట్టు వాళ్లకి వేరే గేటు ఉండాల్సిందేనన్నారు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది కనక గోడ పగలగొట్టి అటు కొత్త గేటు పెట్టాం. వదిన పెరటి గేటుకి మేకులు కొట్టింది నేనే. ఆవిడకి పీడ విరగడైందని ఊరంతా అనుకుంది. ఆవిడ మాత్రం మా ఆఫీసుకొచ్చి నిలబడింది.

"కొత్త దారి కాగితం అందరికీ పంపుతున్నావా?"

"పంపాలి వదినా. రూలు."

"గ్లోగ్‌కి కూడానా?"

"వాళ్లకీ పంపాలి."

"ఆ ఒక్కటీ మర్చిపోకూడదూ? నీకు నీ పెళ్లిరోజే గుర్తుండి చావదు కదా!"

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నిలవలేదు. "ఇంక నా ఇంటివైపు రావాల్సిన పని వాడికేముంది? కంటితో చూసుకోడానికి కూడా దొరకడు."

అయినా గ్లోగ్‌కీ కాగితం పంపేశాను. ఆ తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

అక్టోబరులో గ్లోగ్ మ్యాచ్ వచ్చింది. కొత్త గేటు దగ్గర నేను టికెట్లు చింపుతున్నాను. అరవై మంది దాకా వచ్చారు, వాళ్లలో రాంగెల్ లేడు. కుంటి కాలు కదా, వెనక వస్తాడులే అనుకున్నాను. ఆఖరువాడూ వచ్చేశాడు.

"రాంగెల్ రాలేదా?" అని వాణ్ణి అడిగాను.

"మాతోనే బస్సు దిగాడే" అన్నాడు.

గేటు అలాగే వదిలేసి పరిగెత్తాను. ముప్ఫయ్యేళ్లలో అలాంటి పని చేయడం అదే మొదలు.

నేదా వదిన ఇంటి వీధి తలుపు బార్లా తీసి ఉంది. రాంగెల్ టోపీ చేత్తో పట్టుకుని పందిరి కింద నిలబడ్డాడు. ఎదురుగా వదిన. ఇద్దరూ నన్ను చూడలేదు.

"ఇటు దారి లేదు" అంటోంది వదిన. "మూసేశారు. ఫ్యాక్టరీ వైపు నుంచి వెళ్లాలిట."

"తెలుసు. కాగితం మా క్లబ్బు గోడకి అంటించారు. రెండుసార్లు చదివాను."

"మరి?"

రాంగెల్ కాసేపు టోపీ నలిపాడు. "ఇన్నేళ్లూ, దారి అదొక్కటే కదా, అందుకే అటు పోతున్నానని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఈసారి ఏం చెప్పాలో తెలీలేదు నేదా. ఏం చెప్పకుండానే వచ్చేశా."

వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆనక తేరుకుని, "కూర్చో అన్నయ్యా, కాలు నొప్పెడుతుంది" అంది.

గోడ అవతల రిఫరీ విజిల్ వేశాడు. రాంగెల్ అటు తిరిగి కూడా చూడలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హమ్మయ్య అనుకుంటూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఆ రోజు మేం మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. నాకు చీమ కుట్టినట్టయినా లేదు.