వేలితో గుర్రాన్ని చదివిన మా మరిది

మా మరిది ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మొదట్లో నేను మాట మార్చేసేదాన్ని. గుర్రప్పందేల మైదానంలో ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు అంటే టోపీ, లాఠీ ఉంటాయనుకుంటారు జనం. ఈయనకున్నవి ఒక గోధుమరంగు చొక్కా, ఒక పెన్సిలు, చంకలో గుర్రాల పుస్తకాల కట్ట. పందేనికి ముందు ఒక్కో గుర్రం దగ్గరికీ వెళ్ళి, పరుగెత్తాల్సిన గుర్రం ఇదేనా, కాదా అని తేల్చాలి. అదీ పని.

“గుర్రాన్ని చూసి గుర్రమని చెప్పడానికి కూడా ఒక మనిషీ, ఆ మనిషికో జీతమూనా?” అన్నాను ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో.

ఆయన నవ్వి, “వదినా, అక్కడ ముప్పాతిక గుర్రాలు బాదంకాయ రంగువే. నుదుట తెల్లమచ్చలంటావా, సగానికి సగం వాటికి ఉంటాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో గుర్రానికి సుడులు అలాగ. నుదుట ఎన్ని, మెడ మీద ఎన్ని, గొంతు కింద ఉందా లేదా, పుట్టినప్పుడే పుస్తకంలో గుర్తు పెడతారు. కడిగితే పోవు, ముసలైతే మారవు” అన్నాడు.

నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ పుస్తకం ఒక్కసారి చూపిస్తే నాకు అర్థమైంది. గుర్రం బొమ్మ గీసి, సుడి ఉన్నచోట ఇంటూ గుర్తు పెట్టి ఉంటుంది. అంతే. ఆ ఇంటూలను ముప్పై ఒక్క ఏళ్ళు చూశాడు మా మరిది. మైదానంలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ ‘సుడులాయన’. ఆయన పద్ధతి ఒకటుండేది. ముందు అరచెయ్యి గుర్రం ముక్కు కింద పెట్టేవాడు. అది వాసన చూసి ఊరుకున్నాకే నుదుటి మీద వేలు వేసేవాడు. ఎందుకయ్యా ఈ మర్యాదలంటే, “చుట్టం వచ్చీ రాగానే తిన్నగా నీ వంటింట్లో దూరితే నువ్వు ఊరుకుంటావా వదినా?” అనేవాడు. నిజమే, ఊరుకోను.

ఇప్పుడు మెడలో ఏదో గింజంత చిప్పు పెట్టి మిషనుతో చూస్తున్నారట. అప్పట్లో మిషనూ ఆయనే, చిప్పూ ఆయనే.

ఉద్యోగం ఇంకో ఎనిమిది నెలలుందనగా ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను కనిపెట్టాను. ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా తీసి, మూత తియ్యకుండానే ఊపి చూసి, మళ్ళీ పెట్టేశాడు. చూపున్నవాడు డబ్బాను ఊపడు.

“ఏమయ్యా, కళ్ళు కనిపిస్తున్నాయా?” అని అడిగాను.

“మెల్లగా వదినా. ఆఫీసులో తెలిస్తే ఈ పూటే ఇంటికి పంపిస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళ పని చివర గుడ్డివాడని గెంటించుకోమంటావా? ఎనిమిది నెలలు. లాక్కొస్తాను.”

“గుర్రం బదులు గాడిదను పంపిస్తావేమో.”

“గాడిద చెవులు వేలికి తగలవా ఏమిటి?”

దొంగ నవ్వు నవ్వాడు. నాకు కోపం వచ్చింది గాని, రహస్యం దాచాను. ఆయన భార్యకు, అంటే మా తోడికోడలికి కూడా చెప్పలేదు. ఆవిడకు చెబితే వీధి చివర ఇస్త్రీ కొట్టుదాకా తెలిసిపోతుంది.

పెద్ద పందెం రోజున ఆయన కళ్ళజోడు బాత్రూం అద్దం దగ్గర మరిచిపోయి వెళ్ళాడు. మా తోడికోడలు గుమ్మం దాటితే దారి తప్పే మనిషి. నేనే రెండు బస్సులు మారి, కళ్ళజోడు కొంగులో చుట్టుకుని పోయాను. గేటు దగ్గర కాపలావాడు టిక్కెట్టేదన్నాడు. “సుడులాయన వదిన్ని. టిక్కెట్టు కావాలంటే ఆయన్నే అడుగు” అన్నాను. వదిలేశాడు.

గుర్రాలను పందేనికి ముందు తిప్పే గుండ్రటి ఆవరణ చుట్టూ తెల్లరంగు కంచె ఉంది. అక్కడ ఒకటే గోల. ఊరంతా గెలుస్తుందని చెప్పుకుంటున్న బాదంరంగు గుర్రం ఎదురుగా మా మరిది నిలబడి, “ఇది ఆ గుర్రం కాదు. వదలను” అంటున్నాడు.

దాన్ని తయారుచేసిన ట్రైనరు మొహం ఎర్రబడింది. “పొద్దున్నే నా చేత్తో బెల్లం పెట్టాను దానికి! నాకు తెలియదా నా గుర్రం?”

“బెల్లం ఏ గుర్రమైనా తింటుందండీ.”

అందరూ నవ్వారు. సరిగ్గా అప్పుడే నా నోరు ఊరుకోలేదు. కంచె మీదికి వంగి, “ఏమయ్యా! కళ్ళజోడు ఇంట్లో వదిలేసి వచ్చావు, ఇదుగో!” అని అరిచాను.

నవ్వులు టక్కున ఆగాయి. ట్రైనరు నావంకా, మా మరిది వంకా చూశాడు. “బాగుందండీ! కళ్ళజోడు లేకుండానే నా గుర్రాన్ని కాదన్నాడు! పిలవండి పెద్దాయన్ని!” అన్నాడు.

నా నాలుక తెగి పడినా బాగుండేదనిపించింది. ఎనిమిది నెలలు దాచాల్సినదాన్ని ఒక్క కేకలో బజారుకెక్కించాను.

పందేల్లో తగువులు తేల్చే పెద్దాయన వచ్చాడు. మా మరిది నా చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. “అయ్యా, నా కళ్ళను నమ్మొద్దు. మీరు కళ్ళు మూసుకోండి. వేలు ఇలా ఇవ్వండి” అన్నాడు.

ముందు గుర్రానికి అరచెయ్యి వాసన చూపించాడు. తర్వాత పెద్దాయన వేలు పట్టుకుని గుర్రం నుదుటి మీద పై నుంచి కిందికి నడిపించాడు. “వెంట్రుకలు ఎక్కడ తిరుగుతున్నాయి?”

“ఇక్కడ... గుండ్రంగా ఉంది.”

“ఇంకా కిందికి. ఇంకోటి తగిలిందా?”

“లేదు. నున్నగా ఉంది.”

“పుస్తకం తెరవండి.”

పుస్తకంలో నుదుట రెండు ఇంటూలున్నాయి, ఒకదాని కింద ఒకటి.

గుర్రం తాడు పట్టుకున్న ముసలి సైసు, దాన్ని కడిగి మేపేవాడు, జరిగింది ఒప్పుకున్నాడు. ఒకే తండ్రికి పుట్టిన రెండు గుర్రాలట. రెంటికీ ఒకే రంగు, ఒకే మచ్చ. పొద్దున రెంటినీ కలిపి కడిగాడు. పేర్లున్న ముఖపట్టాలు రెండూ ఒకే కొక్కేనికి తగిలించి, ఆరాక దీనిది దానికి, దానిది దీనికి కట్టాడు. ట్రైనరు పట్టా మీద పేరు చూశాడే గాని గుర్రాన్ని చూడలేదు. మోసం లేదు, దగా లేదు. తడిసిన రెండు గుర్రాలు, ఒక కొక్కెం.

అసలు గుర్రాన్ని శాల నుంచి తెచ్చారు. మా మరిది వేలు వేశాడు. రెండు సుడులు. పందెం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఇంత రభసా చేసి ఆ మహారాజు నాలుగో స్థానంలో వచ్చాడు.

తర్వాత ఆఫీసు గదిలో రిపోర్టు రాయాల్సి వచ్చింది. నేను గోడవారగా బల్ల మీద కూర్చున్నాను. పెద్దాయన భుజం తట్టి, “ఈ రోజు మా పరువు కాపాడావయ్యా. కళ్ళజోడు సంగతి వదిలెయ్, ఎవరికీ గుర్తుండదు” అన్నాడు.

నా గుండె కుదుటపడింది. మా మరిది మాత్రం కాగితానికి ముక్కు ఆనించి రాస్తూనే ఉన్నాడు. రాసి, పైకి చదివాడు. సైసు పొరపాటు కావాలని చేసింది కాదని, శాలలో ఒక్కో గుర్రానికి వేరే కొక్కెం కొట్టించాలని. ఆ కింద: ‘నాకు రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి. నాలుగు నెలలుగా దాచాను. ఈ రోజు వేలు పట్టించింది. రేపు పట్టించకపోవచ్చు. ఇకమీదట ఏ గుర్రాన్నీ ఒక్క మనిషి చూసి వదలకూడదు.’

“నిన్నెవరడిగారయ్యా?” అని అరిచాను. “నేను నోరు జారితే పెద్దమనిషి కప్పిపుచ్చాడు. నువ్వు చేత్తో రాసిస్తావా?”

“వదినా, ఆ ముసలాడి తప్పు రాసి, నాది మడిచి జేబులో పెట్టుకుంటే, రేపు గుర్రం ముక్కు కింద ఏ చెయ్యి పెట్టను?”

పెద్దాయన కాగితం తీసుకుని కింద సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచే మా మరిదిని పనిలోంచి తప్పించారు. ఆయన భయపడిందే జరిగింది. కాకపోతే గెంటలేదు, ఆసుపత్రికి సెలవిచ్చారు. కళ్ళు బాగయ్యాక మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళేసరికి పక్కన రెండో ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. మా మరిది రాసిన రాతే అక్కడ పద్ధతి అయింది. మిగిలిన నెలలన్నీ ఆ రెండో మనిషికి వేలు నడపడం నేర్పి, నిండు గౌరవంతో బయటికి వచ్చాడు.

ఆపరేషనయ్యాక కళ్ళకు కట్లు విప్పిన రోజు ఆసుపత్రిలో నేనూ, మా తోడికోడలూ ఎదురుగా నిలబడ్డాం. కళ్ళు చికిలించి, పెళ్ళాన్ని చూసి నవ్వి, తర్వాత నావంక తిరిగాడు.

“వదినా, నీ నుదుటి మీద, జుట్టు మొదట్లో సుడి ఉంది. ఎడమవైపు.”

“పుస్తకంలో రాసుకో” అన్నాను. “నేను తప్పిపోతే పనికొస్తుంది.”